వాడిపోని కుండీ

ఏ పరిశోధన ఫలిస్తుందో యంత్రమే ముందుగా తేల్చాలని ప్రభుత్వం విధానం తెచ్చాక, వేరుశనగ కుళ్లు తెగులు మీద శైలజ చేస్తున్న పని ఫలించదని తేలి మూతపడింది. ఆమెకు షాంపూ నురగ మీద పరిశోధన అప్పగించారు. మూతపడిన పరిశోధనను ఇంట్లో సరదాకు చేసుకోవచ్చు. అందుకే అనంతపురంలోని ఆ శాస్త్రవేత్తల కాలనీలో ఒకరి స్నానాలగదిలో చేపలు, ఇంకొకరి మేడమీద తేనెటీగలు ఉండేవి. శైలజ వరండాలో వేరుశనగ కుండీలు పెట్టింది. పగలు వాటిని అత్త ఓబుళమ్మ చూసుకునేది.

ఈ ఏడాది తెగులు సోకిన మట్టిలో ఒకే ఒక్క మొక్క వాడిపోకుండా నిలబడింది.

"పైవాళ్లకు చెబితే పరిశోధన మళ్లా తెరుస్తారత్తా. కానీ మొక్కను పెద్ద ల్యాబుకు తీసకపోతారు. ఇంట్లో చేసినోళ్లకు హక్కు లేదంట," అంది శైలజ.

"చెప్పకపోతే?"

"నా దగ్గరే ఉంటాది. చేలల్లో పంట మాత్రం కుళ్లుతానే ఉంటాది."

ఆ సాయంత్రమే శైలజ పెద్ద ల్యాబుకు కబురు పంపింది. మర్నాడు ల్యాబు మనుషులు వచ్చి, ఆమె పేరైనా అడగకుండా కుండీని గాజుపెట్టెలో పెట్టుకున్నారు. ఓబుళమ్మ వాళ్ల వెనకే వీధిలోకి నడిచింది.

"నాయనా, నీళ్లు శానా పొయ్యాకండి. దీన్ని సాకింది మా కోడలు శైలజ. ఏమన్నా తెలీకుంటే ఆయమ్మిని అడగండి."