నాలుగడుగుల నీరు

వరదొస్తే మా అక్క వీధిలో నాలుగడుగుల నీరు నిలుస్తుందని బీమా కంపెనీ కంప్యూటర్ లెక్క కట్టింది. అలాంటి లెక్కల్ని తనిఖీ చేసే ప్రభుత్వ అధికారిని నేను. ప్రీమియం మూడింతలవుతుందని అక్క లబోదిబోమంటే, ఎంత వెతికినా తప్పు దొరకని ఆ లెక్కని “నమ్మదగినది కాదు” అని రాసి తిప్పి పంపేశాను.

ఈ రోజు అక్క నన్ను గుమ్మంలోనే పట్టుకుంది.

“నీ పుణ్యమా అని ప్రీమియం పెరగలేదురా! ముప్పు లేదని మీ ఆఫీసే తేల్చిందిగా, మెట్లెక్కలేని మా అత్తగారిని కింది గదిలోకి దింపేశాం.”

“పైన బాగానే ఉండేవారు కదక్కా” అని నసిగాను.

“నువ్వు చెప్పాక కూడా భయమేంట్రా?”

అక్క వెంట ఆ గదిలోకి వెళ్ళాను. పెద్దావిడ మంచం మీద పక్కకి జరిగి, “కూర్చో బాబూ” అన్నారు.

తల దించుకున్నాను. ఆ మంచం నా మోకాలెత్తు కూడా లేదు.