కొండమీది పుంజు

"అడ్డు లెగు గున్నా! ఇయాల కొండెక్కి నా పుంజుని దించుకొచ్చెస్తాను."

కూర్మయ్య ఒక చేత్తో గుమ్మాన్నీ, రెండో చేత్తో గంపనీ పట్టుకుని నిలబడ్డాడు. జ్వరం దిగింది గానీ కాళ్ళింకా వణుకుతూనే ఉన్నాయి. పెళ్ళాం గున్నమ్మ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపింది.

"ఈ ఒంటితో కొండెక్కుతావేటి మావా? పడితే ఎవులెత్తుతారు?"

"నానెత్తుతాను," అన్నాడు వాకిట్లోంచి పక్కింటి అసిరయ్య. అప్పటికే భుజాన వల వేసుకుని తయారైపోయాడు. గున్నమ్మ చూసిన చూపుకి ఇంకొకడైతే ఆ వల అక్కడే పారేసి పరిగెత్తును.

పోయింది మామూలు పుంజా మరి! ఒళ్ళంతా నెమలి రంగులు, అందుకే దాన్ని నెమలి అనేవారు. కూర్మయ్య తండ్రి నాటి జాతి. ఆ జాతి పిల్లల కోసమే బొబ్బిలి నుంచీ గరివిడి నుంచీ జనం వీళ్ళ పాకకొచ్చేవారు. పాకలో వరసగా గంపలు, గంపల్లో ఊక, ఊక మీద గుడ్లు, గుడ్ల మీద కళ్ళు మూసుకున్న పెట్టలు. బ్లాకాఫీసువాళ్ళు తెల్ల సీమకోళ్ళిస్తామంటే కూర్మయ్య ఒప్పుకోలేదు. "గుడ్డెట్టి ఎనక్కి సూడని కోడి నాకెందుకు?" అనేశాడు.

ఆయన ఒళ్ళెరగని జ్వరంలో ఉండగా నెమలి కనపడకుండా పోయింది. అడవిపెట్టల వెనకాల కొండెక్కేసిందని గున్నమ్మ చెప్పింది. పులుసులూ మాత్రలూ పడి జ్వరమైతే దిగింది గానీ, ఆ మాట విన్నాక మనిషి ముద్ద ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంక దక్కడనే అనుకుంది గున్నమ్మ. అప్పుడే ఒక తెల్లవారుజామున, ఆమె పుల్లలకి వెళ్ళిన వేళ, కొండమీద జీడితుప్పల్లోంచి కూత వినపడింది. కూర్మయ్య లేచి కూర్చుని, చోడంబలి అడిగి మరీ తాగాడు.

అప్పట్నుంచీ రోజూ అదే. మంచులో కొండ సగమే కనపడేది. ఊరింకా కలలోనే ఉండేది. ఆ తెల్లదనంలోంచి కూత తేలుకుంటూ వచ్చేది. కూర్మయ్య కళ్ళు మూసుకుని వినేవాడు. తన పాకే మెల్లగా లేచి కొండమీదికి పోతున్నట్టు, పెట్టలన్నీ మెడలెత్తి వింటున్నట్టు ఉండేది ఆయనకి. ఎంత హాయో చెప్పలేం. గున్నమ్మ తిరిగొచ్చి పుల్లల మోపు దించగానే అడిగేవాడు.

"నీకు అవుపడ్డాదేటే?"

"ఒకపాలి అవుపడ్డాది మావా. మంచులో తోక మెరిసినాది, అంతే."

ఆ తోక తలుచుకుంటూ పొద్దంతా గడిపేసేవాడు. ఇవాళ మాత్రం తలుచుకోవడం చాల్లేదు.

"ఇయాల కూత మద్దెలో తెగిపోనాది మావా," అన్నాడు అసిరయ్య. "దానికేటో అయినాది. ఇయాలే పట్టాల."

గున్నమ్మ ఏదో అనబోయింది. దగ్గుతెర కమ్ముకొచ్చి గోడ పట్టుకుంది. మంచులో పుల్లలకెళ్ళి తెచ్చుకున్న దగ్గు. పుంజు దొరక్కపోతే ఈ మనిషి మళ్ళీ గోడవైపు తిరిగిపోతాడు. ఈసారి తిరిగితే ఇటు తిరగడు. ఆమె భయమంతా అదే.

సరిగ్గా అప్పుడు పాకలోంచి సన్నగా కిచకిచమంది.

"ఇన్నావా మావా! గుడ్లు పగుల్తన్నాయి! మన నెమలి పిల్లలు దిగుతన్నాయి!"

పెట్ట కింద గుడ్లు పొదగేసిన మనిషి, పిల్లలు దిగే రోజున వాకిలి దాటి పోకూడదని వాళ్ళింటి కట్టడి. జ్వరం తగిలిన రోజు ఆ గుడ్లు పొదగేసింది కూర్మయ్యే. చేతిలో గంప కిందపెట్టేసి, గోడ పట్టుకుంటూ పాకలోకి నడిచాడు.

తాటాకుల సందుల్లోంచి ఎండ పొడలు పడుతున్నాయి. పెట్ట కిందకి చెయ్యి పోనిచ్చి, ఇంకా తడారని పిల్లనొకదాన్ని తీశాడు. వీపు మీద నల్లటి చారలు. కళ్ళు తెరిచి ఆయన్నే చూసింది.

"ఓలమ్మ, అచ్చం దాని సారలేనే!" కూర్మయ్య ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు. పిల్లని చెంపకి ఆనించుకుని అలాగే ఉండిపోయాడు.

అసిరయ్య తొంగి చూశాడు. "అయితే నువ్వుండు మావా, నానొక్కడినే ఎక్కెస్తాను. కొండంతా గాలించి నెమలిని నీ సేతిలో ఎట్టెస్తాను."

గున్నమ్మ గబుక్కున వాడి వల అంచు పట్టుకుంది.

"ఒద్దురా," అన్నాడు కూర్మయ్య. "దాన్నలగుండనీ. వలట్టుకుని ఇంటికెల్లు."

అసిరయ్య గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గున్నమ్మ కూలబడినట్టు మొగుడి పక్కన కూర్చుంది. మళ్ళీ దగ్గు. కూర్మయ్య తన దుప్పటి తీసి ఆమె భుజాల చుట్టూ కప్పి, కోడిపిల్లని ఆమె దోసిట్లో పెట్టాడు.

"రేపట్నుంచి మంచులో కొండకెల్లకు గున్నా. పులుసైపోయి నన్ను బతికించినాది, అది సాలు దానికి. నా నెమలి ఎన్నడూ ఇలగ దగ్గుకుంటా కూయనేదు."