ఎంగిలి వెలుగు

పోయినవాళ్ల మాటలను గాజుపూసల్లో వెలుగుగా దాచుకునే రోజులవి. అనకాపల్లిలో ఆ పూసలను సూదిమొనతో చదివిపెట్టే పని దమయంతిది. సూది ఆనీ ఆనకుండా దగ్గరికొస్తే చాలు, మాట బయటికొచ్చి వెలుగు చెదిరిపోతుంది. అందుకే సన్యాసమ్మ చనిపోయిన కూతురి పూసను ఏళ్ల తరబడి వినకుండానే దాచుకుంది.

“ఒక్కసారి చదివితే ఎంగిలే మామ్మా. మరి మిగల్దు,” అంది దమయంతి.

“దాని ఎంగిలి నాకు కొత్తేటమ్మా? చెవులు పోతన్నాయి. పూర్తిగా పోకముందే ఇననీ.”

దమయంతి సూది దించింది. పూస వెనక కట్టిన తెల్లటి తెర మీద వెలుగు వలయాలు విచ్చుకున్నాయి. ఒక పసిగొంతు పలికింది. అంతా ఆరిపోయింది.

సన్యాసమ్మ చెవి దగ్గర పెట్టుకున్న చెయ్యి తియ్యలేదు. “ఏటందమ్మా?”

దమయంతి ఆ చెవిలోకి వంగి గట్టిగా చెప్పింది. “‘అమ్మా, ఇనబడతందా?’ అంది మామ్మా.”

సన్యాసమ్మ ఖాళీ పూసను గుప్పిట్లోకి తీసుకుని, “ఇనబడింది తల్లీ,” అంది.