తాళాలు మారిన రోజు

"ఏం కావాలమ్మా?" రాజ్యలక్ష్మమ్మ రెండోసారి అడిగింది.

వచ్చినామె అంగడి మెట్ల మీద నిలబడి పురుగుమందు డబ్బాలను వరసగా చూస్తోంది. నలభై అయిదేళ్లుంటాయి. నేత చీర, చేతిలో గుడ్డసంచి. బద్వేలు మనిషి కాదు.

"కొనేదేం లేదమ్మా. మీ గోడౌను తాళంచెవి యాడ పెడతారు?"

రాజ్యలక్ష్మమ్మ చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"నీకెందుకు?"

"ఊరికే అడుగుతాండా. అంగట్లోనా, ఇంట్లోనా?"

అంగడి ముందు, ఇల్లు వెనక. తాళంచెవి నడవాలో మేకుకు ఉంటుంది. ఆ సంగతి దారిన పోయే మనిషికెందుకు?

"ఎవురు నువ్వు?"

"కడప నుంచి వచ్చినా. పేరు కృపమణి."

"పేరు బాగానే ఉండాది. పనే బాగలేదు."

ఆమె అంగడి పక్కనున్న గోడౌను తలుపు వైపు చూసింది.

"ఇంట్లో తగిలిస్తే ఎవురి చేతికైనా అందుతాదమ్మా. ఆ తాళం కూడా పాతదే మాదిరి ఉండాది."

అప్పుడే లోపలి నుంచి హిమబిందు మజ్జిగ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"నువ్వు లోపలికి పో" అంది తల్లి గట్టిగా.

ఉన్నది ఒక్కతే బిడ్డ. ఇంటర్ తప్పి ఇరవై రోజులైంది. అప్పటి నుంచి మాట తగ్గింది, అన్నం తగ్గింది. పొద్దున లేస్తే నెట్ సెంటరు. ఎవరో ఆ పిల్లను తన నుంచి దూరంగా లాగేస్తున్నారని రాజ్యలక్ష్మమ్మకు లోపల భయం. ఆ ఎవరో ఈమే కాకూడదని ఏముంది?

ఎదురంగడి నారాయణ రోడ్డు దాటి వచ్చాడు.

"వదినా, ఈమె మా అంగట్లో కూడా ఇదే అడిగింది. తిమ్మయ్య అంగట్లోనూ ఇదేనంట."

"ఆ సంచి చూడప్పా."

నారాయణ సంచి లాక్కుని బోర్లించాడు. బైబిలు, నీళ్ల సీసా, బస్సు టికెట్టు, మడిచిన కాగితం. కాగితం మీద బద్వేలులోని పురుగుమందుల అంగళ్ల పేర్లు. పదకొండు. ఎనిమిదింటికి టిక్కులు.

"ఇంకేం కావాల? పొద్దున్నుంచి పరీక్ష పేపరు దిద్దుతాండాది, మహాతల్లి" అన్నాడు నారాయణ.

"దొంగవా?" రాజ్యలక్ష్మమ్మ అడిగింది.

"మీరెట్ట అనుకుంటే అట్టే."

"ముఠాలో ఇంకా ఎవురుండారు?"

ఆమె కాగితం వైపు చూపించింది.

"ఇంకా రెండు అంగళ్లు మిగిలినాయి. వాళ్లకు కూడా చెప్పండి."

"పొగరు చూసినావా వదినా?"

రాజ్యలక్ష్మమ్మ చెయ్యి ఎలా లేచిందో ఆమెకే తెలియదు. దెబ్బకు కృపమణి తల పక్కకు తిరిగింది.

ఆమె వంగి బైబిలు తీసి, దుమ్ము తుడిచి, సంచిలో వేసుకుంది.

"తాళం మార్చండమ్మా" అంది.

కానిస్టేబులు వచ్చి తీసుకుపోయాడు. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టి, మళ్లీ ఈ ఊళ్లో కనిపించొద్దని కడప బస్సెక్కించారట.

ఆ రోజే పదకొండు అంగళ్ల వాళ్లూ తాళాలు మార్చారు. నారాయణ అయితే రెండు వేశాడు.

రాజ్యలక్ష్మమ్మ కొత్త తాళంచెవిని తన నడుముకు కట్టుకుంది. ముఠా వాళ్లు పిల్లను ఎత్తుకుపోతారేమోనని మూడు రోజులు కూతుర్ని పక్కన పెట్టుకునే తిరిగింది. నెట్ సెంటరు బంద్. స్నానానికి పోయినా తలుపు బయట కూర్చునేది.

నాలుగో రోజు హిమబిందు నడవాలో నిలబడి, ఉత్త మేకు వైపు చూస్తూ కనిపించింది.

"ఏం చూస్తాండావు?"

పిల్ల గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది.

ఇన్నాళ్లూ అది చదువు మీది దిగులనే అనుకుంది తల్లి. ఇంట్లో మనిషి మాట్లాడకపోతే మనం అలక అని పేరు పెట్టి ఊరుకుంటాం. ఆ మేకుకు వేలాడింది పురుగుమందు గోడౌను తాళంచెవి అని ఆ క్షణంలో ఆమెకు తట్టింది.

పక్కన కూర్చుని సూటిగా అడిగింది.

"చచ్చిపోవాలనిపిస్తాందా బిందూ?"

పిల్ల తల ఊపింది.

రాజ్యలక్ష్మమ్మ తిట్టలేదు, ఒట్లు పెట్టించుకోలేదు. పిల్ల చెప్పిందంతా వింది. సంగతి తెలిసి భర్త రామకోటయ్య ఆ రోజుకు అంగడి మూసి, కూతుర్నీ భార్యనూ వెంటబెట్టుకుని కడపలో డాక్టరు దగ్గరికి పోయాడు.

తిరిగి వస్తుంటే బస్సులో హిమబిందు అంది.

"నెట్లో నాలాగా తప్పిన పిల్లలు బాధలు రాసుకునే చోటు ఉండాదిమా. ఆడ ఒక అక్క దినామూ నాతో మాట్లాడేది. ఎవురికీ చెప్పనని మాటిస్తేనే రాస్తానన్నా. ప్రాణం మీదికొస్తే ఆ మాట నిలబెట్టుకోలేనని ముందే చెప్పింది."

"నీ పేరు చెప్పినావా?"

"చెప్పలా. బద్వేలు, పురుగుమందుల అంగడి, అంతే. ఆఖరున ఇంక రాయనని రాసేసినా. బతికే ఉండానని ఆమెకొక మాట చెప్పాల."

బస్సు దిగి నేరుగా నెట్ సెంటరుకే పోయారు. పేజీ తెరుచుకుంది. ఆ అక్క రాసిన, చదవని జాబు ఒకటి ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. తారీఖు, ఆ దొంగామె ఊళ్లోకి వచ్చిన దానికి ముందు రోజుది.

"చదువు" అంది తల్లి.

హిమబిందు చదివింది.

"అమ్మతో చెప్పు పాపా, అమ్మ పక్కనే ఉండు; మీ ఊళ్లో మందుల అంగళ్లు పదకొండంట, మీది యాదో నాకు తెలీదు, పిల్ల ఎవురని అడిగితే నీ పేరు బజారున పడతాది, అందుకే రేపొచ్చి పదకొండింట్లోనూ దొంగననిపించుకుని పోతా, తాళాలు మారితే అంతే చాలు."