స్కేలు తాత

ఆవిడ భర్తకి ఒక సుగుణం ఉంది. ఇంట్లో ఏ వస్తువునూ దాని ప్రాణం పోయేదాకా బయటికి పంపడు.

పేస్టు ట్యూబుని ముందు వేళ్ళతో నొక్కుతాడు, తర్వాత దాని మీద సీసా దొర్లిస్తాడు, చివరికి కత్తెరతో కోసి లోపల బ్రష్షు పెట్టి గీకుతాడు. పిడి ఊడిన బకెట్టుకి తాడు కట్టి నాలుగేళ్ళయింది. పద్దెనిమిదేళ్ళుగా తనని కూడా మార్చకుండా ఉంచుకోవడం ఈ గుణం చలవేనని ఆవిడ అనుమానం.

అలాంటి ఇంట్లో కూతురి సైకిలు చైను గురించి పట్టించుకునేదెవరు?

పట్టించుకున్నది ఓ ముక్కూ మొహం తెలియని మనిషి.

ఓ రోజు ఆవిడ కూతురి సైకిలుకి గాలి కొట్టించడానికి సైకిలు కొట్టుకి వెళ్ళింది. కొట్టు ముందు బల్ల మీద కూర్చున్న ముసలాయన లేచి వచ్చి, అడగకుండానే చైను మీద ఇనప స్కేలు ఆనించాడు.

"చూడండమ్మా. ఈ పిన్ను సరిగ్గా పన్నెండు అంగుళాల దగ్గర ఉండాలి. ఒక గీత దాటింది."

"దాటితే?"

"చైను సాగిందన్నమాట. ఇప్పుడు చైనొక్కటి మారిస్తే చాలు. రెండో గీత కూడా దాటిందా, చక్రాల పళ్ళు అరిగిపోతాయి. అప్పుడు ముందు పళ్ళ చక్రం, వెనక ఫ్రీవీలు, అన్నీ మార్చాలి."

"ఇంట్లో అడిగి చెప్తాను," అంది ఆవిడ. ఎవరినైనా వదిలించుకోవడానికి ఆవిడ వాడే మాట అది.

ఇంట్లో నిజంగానే అడిగింది.

"నడుస్తోందా లేదా?" అన్నాడు భర్త.

"నడుస్తోంది."

"మరింకేం? ఆ ముసలాయన కొట్టువాడి మనిషి అయ్యుంటాడు. బేరాలు పట్టి ఇస్తాడు."

ఆ మాట ఆవిడకి నచ్చింది. ఆయన మాట నచ్చడం ఏడాదికి ఒకటి రెండుసార్లు జరుగుతుంది.

వారం తిరక్కుండా కూతురు వచ్చి చెప్పింది. "అమ్మా, కొట్టు దగ్గర స్కేలు తాత నన్నూ ఆపాడు. గీతన్నర అయిందట."

మర్నాడూ ఆపాడు. ఆ మర్నాడూ ఆపాడు.

ఆవిడ చెంగు దోపుకుని వెళ్ళింది. కొట్టు ముందు నలుగురు ఉన్నారు. ఉంటే మరీ మంచిదనుకుంది.

"ఏమండీ పెద్దాయనా, బేరానికెంత ముడుతుంది మీకు? దారినపోయే ఆడపిల్లల్ని ఆపడానికి ఈ వయసులో సిగ్గనిపించడం లేదూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలాయన స్కేలు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఇంక ఆపనమ్మా. వంతెన ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కొద్దని మాత్రం పాపకి చెప్పండి."

ఆవిడ చెప్పలేదు. గెలిచి వచ్చిన సంతోషంలో గుర్తు లేదు.

రెండు నెలల తర్వాత, బడికి ఆలస్యమై, కూతురు వంతెన మీద లేచి నిలబడి తొక్కింది. చైను పళ్ళ మీద నుంచి జారింది. ఎడమ చెయ్యి విరిగింది. గడ్డం కింద ఐదు కుట్లు పడ్డాయి. వెనక వస్తున్న లారీ పిల్ల జడకి జానెడు దూరంలో ఆగింది.

ఆస్పత్రి వరండాలో భర్త, "నడుస్తోంది కదా అనుకున్నాను," అన్నాడు.

ఆవిడ సైకిలుని నడిపించుకుంటూ కొట్టుకి తీసుకెళ్ళింది.

కొట్టతను వెనక చక్రం తిప్పి చూపించాడు. "చూశారా, పళ్ళు కొక్కేల్లా వంగిపోయాయి. చైనొక్కటి మారిస్తే లాభం లేదు, కొత్తదీ జారుతుంది. అన్నీ మార్చాల్సిందే."

బల్ల ఖాళీగా ఉంది.

"మీ మనిషి ఏడీ?" అంది ఆవిడ. "ఓ మాట చెప్పుకోవాలి ఆయనతో."

"నా మనిషా? భలేవారే. మూడు సామాన్లు అమ్ముకోవాల్సిన చోట ఒక్క చైనుతో సరిపెట్టించేవాడు. సగం వ్యాపారం గంగపాలు చేశాడు నాకు."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"పోయి పదిహేను రోజులైందమ్మా."

ఆవిడ బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"మరి అంత నష్టం చేస్తుంటే ఎందుకు ఊరుకున్నారు?"

"ఈ కొట్టు ఆయనదే. చాలా ఏళ్ళ కిందట ఓ తండ్రి కూతురి సైకిలు తెచ్చాడు. చైను మార్చాలా అని అడిగితే, ఈయన ఇంకో నెల లాగుతుందిలే అన్నాడట. నెల కాదు, వారం కూడా లాగలేదు. అదే వంతెన. మీ పాపకున్న అదృష్టం ఆ పిల్లకి లేకపోయింది. ఆ రోజు నుంచి ఈయన పనిముట్టు పట్టలేదు. స్కేలు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. ఈ వీధిలో ఎవరినడిగినా ఇదే చెప్తారు."



"ఆ తండ్రి ఆయన్ని క్షమించాడా?"

కొట్టతను చేతుల జిడ్డు గుడ్డకి తుడుచుకున్నాడు. తుడిచిన చెయ్యే మళ్ళీ తుడిచాడు.

"ఆ తండ్రిని నేనేనమ్మా. పిల్ల పోయాక నేను ఉద్యోగం మానేసి ఇంట్లో పడి ఉంటే, ఆయనే వచ్చి ఈ కొట్టు తాళాలు నా చేతిలో పెట్టాడు. గట్టిగా చెప్పలేకపోయాను, క్షమించు అన్నాడు. వీధంతా ఆయన్నే తప్పుబడుతుంటే విని ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను."

"గట్టిగా చెప్పలేకపోవడమేమిటి?"

అతను వంగిపోయిన ఆ పళ్ళ వైపు చూస్తూ, ఇన్నేళ్ళలో మొదటిసారిగా ఆ మాట పైకి అన్నాడు.

"తప్పు నాదమ్మా. ఆయన అప్పుడే మార్చేద్దామన్నాడు, ఇంకో నెల లాగుతుందిలే అన్నది నేను."