మణికర్ణిక కట్టిన మేస్త్రి

“మేస్త్రి పేరు లేకుండా మణికర్ణిక గురించి ఎట్ల అచ్చేస్తారమ్మా?”

కాటన్‌పేట ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్న కిరణ్మయి తలెత్తింది. గుమ్మంలో అరవై ఏళ్లాయన నిలబడి ఉన్నాడు. తలకు తువ్వాలు, చంకలో బరువైన గోనె మూట. పేరు పెద్దన్న అన్నాడు. యలహంక నుంచి రెండు బస్సులు మారి వచ్చాడట.

బళేపేటలోని మణికర్ణిక టాకీస్ నేలమట్టమై ఆరేళ్లయింది. దాని చరిత్రను తెలుగు సంఘం సావనీరులో వేస్తున్నాం, తెలిసినవాళ్లు వచ్చి చెప్పండని కిరణ్మయి పేపర్లో ప్రకటన ఇచ్చింది. పదమూడు మంది వచ్చారు. చూసిన సినిమాల గురించీ, టికెట్ల కోసం చింపుకున్న చొక్కాల గురించీ గంటలకొద్దీ చెప్పారు. కట్టినవాడెవడంటే మాత్రం ఒక్కరి నోటా మాట రాలేదు. వాకిట్లో ఉండిన పాలరాతి పలక మీద యజమాని పేరుంది, రిబ్బను కత్తిరించిన దొర పేరుంది, అంతే. సాయంత్రం నాలుగింటికి పేజీలు మెషీనెక్కుతాయి.

“చెప్పండి పెద్దాయనా,” అంది గడియారం చూసుకుంటూ.

ఐదు నిమిషాల్లో గడియారం సంగతే మరిచిపోయింది.

“బాల్కనీ కింద ఒక్క కంబం లేదమ్మా. నేల టికెట్టు వానికి గూడా తెర అడ్డం రాకూడదని ఆయప్ప పట్టుదల. బరువంతా ఆరు టేకు దూలాల మీద ఉండాది. గార వెనక దాచిపెట్టినాడు, ఎవురికీ కనపడవు. గోడ రెండు మూరల మందం, గానుగ సున్నం. లోపల గోడకు తొడిగిన చెక్కకూ ఇటికెకూ నడాన కొబ్బరిపీచు కూరినాడు. ఎందుకో చెప్పు?”

“ఎందుకు?”

“మాట తిరిగి మోగకుండా! అరవై ఏండ్లయినా ఆ పీచు ఒక్క పోగు రాలలేదు. ఇప్పుడు కట్టేవాళ్లు ఉండారు, మూడేండ్లకే గోడ బీటలిస్తాది. అట్లాంటి పనోడు మళ్ల పుట్టడు. చిక్కమునియప్ప. మేస్త్రి చిక్కమునియప్ప.”

ఎప్పుడో పోయిన హాలును ఆయన ఇంకా ‘ఉండాది’ అంటూనే ఉన్నాడు. కిరణ్మయికి ఒళ్లు పులకరించింది. చిన్నప్పటి నుంచి అదే హాల్లో ఎన్ని సినిమాలు చూసిందో లెక్కలేదు. ఒక్కసారైనా గోడ వైపు కన్నెత్తి చూసిన పాపాన పోలేదు.

ఎదుటి బల్ల దగ్గర కూర్చున్న సంపాదకురాలు వరూధిని ఇటు వంగి గుసగుసగా అంది. “కొడుకై ఉంటాడే. నాన్న పేరు అచ్చులో చూసుకోవాలని ఆశ. రుజువు లేకుండా వేశామా, రేపు ఇంకో నలుగురు మేస్త్రులు పుట్టుకొస్తారు.”

కిరణ్మయికీ అలాగే తోచింది. “పెద్దాయనా, ఆధారమేదైనా లేకపోతే పేరు వేయలేం,” అంది మొహమాటంగా.

పెద్దన్న మొహం చిన్నబోయింది. మూట విప్పి బల్ల మీద పెట్టాడు. సున్నంతో అతుక్కుపోయిన రెండిటుకలు. వాటి పైపూతలో పచ్చిగా ఉన్నప్పుడు మేకుతో గీసిన తెలుగక్షరాలు: చిక్కమునియప్ప, 1937. పక్కన ఒక అరచేతి అచ్చు.

“గార కింద రాసుకున్నాడమ్మా పాపం. పైన రాసుకోనిచ్చేదెవురు?”

వరూధిని కళ్లద్దాలు తుడుచుకుని మరోసారి చదివింది. ఎర్రకలం అందుకుంది. యజమాని పేరుకు పైన, పెద్దక్షరాల్లో వేయమని గుర్తు పెడుతూ, ‘నిర్మాత: మేస్త్రి చిక్కమునియప్ప’ అని రాసింది.

పెద్దన్న రెండు చేతులూ జోడించాడు. ఆయన కళ్లనీళ్లు చూసి కిరణ్మయికి కూడా కళ్లు చెమర్చాయి.

“మీ నాన్నగారేనా?” అని అడిగింది మెల్లగా.

“కాదమ్మా. ఆయప్ప మొగం గూడా నేను చూడలేదు.”

“అయితే ఆ హాల్లో పనిచేసేవారా?”

“ఒక్క పిక్చరు గూడా చూడలేదు అందులో.”

“మరి గార వెనక సంగతులన్నీ మీకెలా తెలుసు? ఇది మీ చేతికెలా వచ్చింది?”

పెద్దన్న తల దించుకున్నాడు.

“దాన్ని పడగొట్టింది నేనేనమ్మా.”