ఎవరూ కొనని స్కోపు

"ఇది డబ్బున్నవాళ్ళ ఆట, టైలరమ్మా. ఆదివారానికి స్కోపు తెచ్చుకోకపోతే మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను," అన్నాడు షూటింగ్ క్లబ్బు సెక్రటరీ.

నలుగురి ముందూ అన్నాడు. అందుకే టైలరమ్మకు ఒళ్ళు మండింది.

రైఫిలు క్లబ్బుదే. దాని మీద బిగించి గురి చూసే స్కోపు మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. జట్టులో మిగిలింది ఒక్క చోటు. ఆదివారం పోటీలో అది దక్కకపోతే, నలభై దాటిన మనిషిని మళ్ళీ పిలిచేవాళ్ళెవరూ ఉండరు.

"సూదిలో దారం ఎక్కించి బతికేదాన్నండీ. చుక్కను చూడ్డం నాకొకరు నేర్పక్కర్లేదు. స్కోపుతోనే వస్తాను," అనేసి బయటపడింది.

అనడమైతే అంది గానీ, షాపులో ధరలు వినేసరికి గుండె జారిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, అద్దాల బీరువా నిండా స్కోపులే, ఆమెకు అందేది ఒక్కటీ లేదు. సెక్రటరీ అన్న మాట షాపాయనకు చెప్పి, ఎలాగైనా చవకలో ఒకటి చూడమంది. ఆయన వెతికి వెతికి తళతళలాడే కొత్తదొకటి తీశాడు. ఎంత దూరంలో ఉన్నదాన్నయినా ముక్కు దగ్గరికి తెచ్చేస్తుందన్నాడు.

"చంద్రుణ్ణి చూడ్డానికా, చుక్కను కొట్టడానికా?"

మూలన స్టూలు మీద కూర్చున్న ముసలావిడ అడిగిందా మాట. కోడి చూసినట్టు తల పక్కకు తిప్పి టైలరమ్మను ఎగాదిగా చూసింది. ఆవిడ కొనేదీ లేదు, అమ్మేదీ లేదు. మాట మాత్రం అడ్డం.

అంతటితో ఊరుకుందా? లేచి వచ్చి, ఆ కొత్త స్కోపును బల్లకున్న పట్టుకర్రలో కదలకుండా బిగించమంది. ఎదురింటి గోడకున్న మేకు మీద గురి నిలపమంది. తర్వాత స్కోపు మీద గురిని జరిపే మరలు పైకి కొంత, కుడికి కొంత, మళ్ళీ కిందికి అంతే, ఎడమకు అంతే తిప్పింది. బయల్దేరిన చోటికే గురి తిరిగి రావాలి. టైలరమ్మ కన్నుపెట్టి చూసింది. మేకు ఒకచోట, గురి ఒకచోట.

"ఇది పెట్టుకుంటే తప్పు నీదో దానిదో జన్మలో తెలీదు," అంది ముసలావిడ.

అప్పుడు తనే కింది సొరుగు లాగి, ఒళ్ళంతా గీతలు పడ్డ పాత స్కోపు ఒకటి తీసింది. అదే పట్టుకర్రలో బిగించి, చూడకుండానే మరలు తిప్పింది. గురి వెళ్ళి, తిరిగి, సరిగ్గా మేకు మీదికే వచ్చింది. షాపాయన ధర చెప్పే ముందు ఆవిడ వంక చూశాడు. ఆవిడ తలూపింది. ధర ఆ కొత్తదానికన్నా కిందికి దిగింది.

ఆ చూపులు కలవడం టైలరమ్మ కనిపెట్టేసింది. గుడ్డల కొట్లలో ఇలాంటి నాటకాలు ఎన్ని చూళ్ళేదు! అమ్మేవాడు ఒకడు, పక్కన నిలబడి పొగిడేవాడు ఇంకొకడు. కదలని సరుకు తన నెత్తిన రుద్దుతున్నారనుకుంది.

"అంత మంచిదైతే ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు కొనలేదు?"

ముసలావిడ స్కోపు మీది గీతల్ని బొటనవేలితో తడిమింది.

"ఇందులో మీ వాటా ఎంత?"

షాపాయన నోరు తెరవబోయాడు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నోట్లో నాలుక ఉందే," అని నవ్వింది. "తీసుకెళ్ళు. బాగాలేకపోతే వచ్చి నన్ను తిట్టు."

"వస్తాను. ఊరుకునే రకం కాదు నేను."

ఆవిడ రుమాలుతో అద్దం తుడిచింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడిచింది. చివరికి టైలరమ్మ ఆ చేతుల్లోంచి దాదాపు లాక్కోవాల్సి వచ్చింది.

ఆదివారం సెక్రటరీ ఆ స్కోపును చూసి, ఏ పాత సామాన్ల కొట్లో దొరికిందని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"గీతలు పైనే ఉన్నాయండీ. లోపల లేవు," అని టైలరమ్మ చాప మీద బోర్లా పడుకుంది.

మొదటి గుండు కాస్త ఎడమకు పోయింది. మర తిప్పింది. ఎంత తిప్పిందో అంతే జరిగింది, రవ్వంత ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టడం, వేలు నొక్కడం, అంతే. గురి కాగితం తెచ్చి చూస్తే నల్లచుక్క మధ్యలో చిల్లుల మీద చిల్లులు పడి ఉన్నాయి.

జట్టు బోర్డు మీద సెక్రటరీ తన చేత్తోనే రాయాల్సి వచ్చింది. "టైలరమ్మ" అని మొదలుపెట్టబోయాడు.

"నాకు పేరుందండీ. పూర్తిగా రాయండి," అంది. రాశాడు.

అందరూ చప్పట్లు కొడుతుంటే, వాటా ఎంతని తను అడిగిన మాట గుర్తొచ్చి ప్రాణం చివుక్కుమంది. మర్నాడు పొద్దున్నే ఆ చిల్లుల కాగితం మడిచి పట్టుకుని షాపుకి వెళ్ళింది. మూలన స్టూలు ఖాళీగా ఉంది.

ఆవిడ ఇక రాదన్నాడు షాపాయన. ఇల్లెక్కడో ఆయనకూ ఎప్పుడూ చెప్పలేదట.

"తిట్టడానికి రాలేదండీ. నోరు జారాను, క్షమించమని అడగాలి."

ఆయన కాగితం విప్పి, చిల్లుల మీద వేలు పెట్టి చూశాడు.

"డబ్బున్నవాళ్ళ ఆట అని ఆ క్లబ్బులోనే ఒకప్పుడు ఆవిణ్ణీ అన్నారమ్మా. కుడికన్ను చూపు పోయాక తన స్కోపు తనే తెచ్చి ఇక్కడ పెట్టి, ఎంతమంది అడిగినా అమ్మనివ్వకుండా, ఎదురు తిరిగి అడిగే మనిషి కోసం రోజూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేది."